మకారియో వేషం వేసిన ఇగ్నాసియో లోపెజ్ తార్సో: నాటకం మనిషి కథ

మీ ప్రశ్న చూశాను. 1960 నాటి మెక్సికన్ సినిమా ‘మకారియో’ ఈమధ్యే చూశానన్నారు. అందులో కట్టెలు కొట్టేవాడిగా కనిపించిన మనిషి నిజంగా నటుడేనా, లేక ఏ కొండ పల్లె నుంచో తీసుకొచ్చిన బీదవాడా అని అడిగారు. ఆయన జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమని, తర్వాత ఏం చూడాలో కూడా చెప్పమని అన్నారు.

నేను పరిషత్తు నాటకాల్లో ముప్పై ఏళ్లకు పైగా వేషాలు వేశాను. ఇప్పుడు కొత్త కుర్రాళ్లకు నటన నేర్పుతున్నాను. ఈ నటుడి మీద నాకున్న అభిమానం చాలా పాతది. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ అనుమానం తీరుస్తాను. ఆయన పల్లెటూరి మనిషి కాదండి. 1925 జనవరి 15న మెక్సికో సిటీలో పుట్టారు. నాన్న తపాలా శాఖ ఉద్యోగి. బదిలీల వల్ల ఆ కుటుంబం ఊళ్లు మారుతూ బతికింది. చదువు ఒకచోట కుదురుగా సాగలేదు. గ్వాదలహారాలో ఉన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, అమ్మానాన్న ఆయన్ని ఒక డేరా నాటకానికి తీసుకెళ్లారు. మెక్సికోలో ఈ డేరా ప్రదర్శనలను ‘కార్పా’ అంటారు. ఊరూరా గుడారం వేసి పాట, హాస్యం, చిన్న నాటకాలు కలిపి ఆడతారు. సురభి వాళ్ల డేరా హాలు చిన్నప్పుడు చూసినవాళ్లకు ఆ రాత్రి ఆ పిల్లాడి మనసులో ఏం జరిగి ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద చదువు చెప్పించే స్తోమత ఇంట్లో లేదు. దాంతో కేథలిక్ సెమినరీలో చేర్చారు, అంటే ఫాదర్ కావడానికి చదివే చోటు. అక్కడ ఆయనకు రెండు దొరికాయి. ఒకటి స్పానిష్ స్వర్ణయుగపు నాటకాలు. లోపే దె వేగా, కాల్దెరోన్ లాంటి వాళ్ల పద్య నాటకాలు అక్కడే చదివారు. రెండోది గట్టిగా, స్పష్టంగా, ఊపిరి చూసుకుంటూ చదివే అలవాటు. నా లెక్క ప్రకారం ఆయన గొంతుకు పునాది పడింది ఇక్కడే. తనకు ఫాదర్ కావాలన్న పిలుపు లేదని తెలుసుకుని బయటికొచ్చేశారు. తర్వాత సైన్యంలో నిర్బంధ సేవ చేశారు, సార్జెంట్ దాకా వెళ్లారు. బట్టల కంపెనీకి సేల్స్ ఏజెంటుగా కొంతకాలం తిరిగారు.

ఇక నన్ను ఎప్పుడూ కదిలించే ఘట్టానికి వస్తాను.

1942 నుంచి 1964 దాకా అమెరికా, మెక్సికోల మధ్య ఒక ఒప్పందం నడిచింది. అమెరికా పొలాల్లో పనికి మెక్సికో నుంచి కూలీలను తీసుకెళ్లేవాళ్లు. వాళ్లను ‘బ్రసేరో’లు అనేవాళ్లు, చేతులతో కష్టం చేసేవాళ్లు అని. లోపెజ్ కూడా అలా కాలిఫోర్నియా వెళ్లి మెర్సెడ్ దగ్గర నారింజ తోటలో కాయలు కోశారు. ఒకరోజు చెట్టు మీంచి జారి కింద పేర్చిన పెట్టెల మీద పడ్డారు. వెన్నెముక దెబ్బతింది. తిరిగి మెక్సికో వచ్చి చాలాకాలం మంచం మీదే ఉన్నారు. నడవగలరో లేదో తెలియని పరిస్థితి. ఇరవై నాలుగేళ్లు కూడా రాకముందే చదువు మధ్యలో ఆగింది, ఉద్యోగం నిలవలేదు, ఒళ్లు కూడా సహకరించలేదు.

కోలుకున్నాక 1949లో మెక్సికో సిటీలోని ‘పలాసియో దె బెల్లాస్ ఆర్టెస్’కు వెళ్లారు. అది పాలరాతితో కట్టిన లలితకళల భవనం. జాతీయ లలితకళల సంస్థ నడిపే నాటక పాఠశాలలో అప్పుడు పాఠాలు చెబుతున్నాయన హవియేర్ వియావురూతియా అనే కవి, నాటక రచయిత. లోపెజ్ ఆయనకు శిష్యుడయ్యారు. సాల్వడోర్ నోవో, సెలెస్తినో గోరోస్తిసా, క్లెమెంతినా ఒతేరో కూడా లోపెజ్‌కు గురువులే. వీళ్లంతా మెక్సికో ఆధునిక నాటకరంగానికి పునాదులు వేసినవాళ్లు. తెల్లారేదాకా వాళ్ల దగ్గర కూర్చోగలిగే అదృష్టం మనలో ఎంతమందికి పడుతుంది చెప్పండి.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్పానిష్ వాళ్లకు రెండు ఇంటిపేర్లుంటాయి, ముందు నాన్నది, తర్వాత అమ్మది. ఈయన ఇంట్లో ఇద్దరిదీ లోపెజే. కాబట్టి అసలు పేరు ఇగ్నాసియో లోపెజ్ లోపెజ్. పోస్టరు మీద ఆ పేరు ఏం బాగుంటుంది? అందుకని రెండో లోపెజ్ తీసేసి ‘తార్సో’ అని పెట్టుకున్నారు. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ‘తార్సువాడైన సౌలు’ అని ఉంటుంది కదా, ఆ తార్సే. సెమినరీ వదిలేసిన కుర్రాడు వేదికకు తెచ్చుకున్న పేరు అపొస్తలుడి ఊరిది. అక్కడ చదివింది ఆయనలో ఎంత లోతుగా ఇంకిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

వియావురూతియా దగ్గర ఆయనకు దొరికిన కాలం చాలా తక్కువ. 1950 డిసెంబరులో గురువు చనిపోయారు. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ కవికి పేరు తెచ్చిన పుస్తకం 1938లో వచ్చింది, దాని పేరును తెలుగులో చెప్పాలంటే ‘మరణం మీద బెంగ’. మృత్యువును పరాయిదానిలా కాక తెలిసిన మనిషిలా, రాత్రిపూట ఇంటికొచ్చే చుట్టంలా పలకరించిన కవి ఆయన. పదేళ్లు తిరిగేసరికి ఆయన శిష్యుడు తెర మీద మృత్యువుతో కలిసి కూర్చుని భోంచేశాడు. ఆ దృశ్యంలో తార్సో ముఖంలో భయం లేదని, అలసట, దయ మాత్రమే కనిపిస్తాయని చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ చూపు గురువు కవిత్వంలోంచి వచ్చిందని నేను నమ్ముతాను.

1951 నుంచి వృత్తి నాటకాలు. 1954లో సినిమాల్లోకి వచ్చారు, మొదట చిన్న చిన్న వేషాలు. లూయిస్ బున్యుయెల్ తీసిన ‘నసరీన్’ (1959) చూడండి. అందులో ఈయన చర్చి సొత్తు దొంగిలించి జైల్లో పడ్డ ఖైదీ. నిమిషాల పాటే కనిపిస్తారు. ఏసుక్రీస్తులా బతకాలని తపించి దెబ్బలు తింటున్న ఫాదరుతో, నువ్వు మంచి వైపు, నేను చెడ్డ వైపు, ఇద్దరి వల్లా ఎవరికీ ఉపయోగం లేదు అన్న అర్థం వచ్చే మాట అంటాడా దొంగ. వెటకారం లేదు, కోపం లేదు. ఉన్న విషయం చెబుతున్నట్టు చెబుతాడు. ఆ ఫాదరు నమ్మకం మొత్తం అక్కడ కదిలిపోతుంది. ఆ మాట అంటున్న నటుడు ఒకప్పుడు తానే ఫాదరు కావలసినవాడు.

ఇక ‘మకారియో’. దర్శకుడు రొబెర్తో గవాల్దోన్, ఛాయాగ్రహణం గాబ్రియేల్ ఫిగెరోవా, కథ బి. ట్రావెన్‌ది. స్పెయిన్ రాజులు ఏలిన కాలం. మన పెత్తరమాసలాగే చనిపోయిన పెద్దలకు వండి పెట్టే పండుగ ముందురోజు. ఐదుగురు పిల్లలున్న కట్టెలవాడు జీవితంలో ఒక్కసారైనా కడుపు నిండా తినలేదు. ఒక టర్కీ కోడిని మొత్తం, ఎవరికీ పెట్టకుండా, ఒక్కడే తినాలన్నది ఆయన కోరిక. భార్య ఎలాగో ఒకటి దొంగిలించి వండి చేతిలో పెడుతుంది. అడవిలోకి పోయి తినబోతుంటే సైతాను, తర్వాత దేవుడు, ఆఖరికి మృత్యువు వచ్చి వాటా అడుగుతారు. మృత్యువుకే సగం ఇస్తాడు. ఎందుకిచ్చావంటే, నువ్వు కనిపించాక ఇక టైముండదు, నువ్వు తింటున్నంతసేపైనా నేనూ తినొచ్చనుకున్నా అంటాడు.

మీకు పల్లెటూరివాడని ఎందుకు అనిపించిందో చెబుతాను. నా క్లాసులో ఈ అడవి దృశ్యాన్ని రెండుసార్లు వేస్తాను. మొదటిసారి మాటలతో, రెండోసారి సౌండ్ ఆపేసి. రెండోసారి పిల్లలను చేతులు మాత్రమే చూడమంటాను. కోడిని విప్పేటప్పుడు ఆ చేతులకు తొందర లేదు. నిజంగా ఆకలిగా ఉన్నవాడు గబగబా లాక్కుంటాడని కొత్త నటులు అనుకుంటారు, నేనూ అలాగే చేసేవాణ్ణి. తార్సో అలా చేయరు. జీవితమంతా ఎదురుచూసినది చేతికొచ్చింది, ఇప్పుడు అది జారిపోకూడదు అన్నట్టు పట్టుకుంటారు. ముక్క నోటికి చేరే లోపు ఎవరో వస్తారు. అప్పుడు కళ్లు పైకి లేస్తాయి, చేతులు మాత్రం కోడి మీదే ఉంటాయి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ఏళ్ల తరబడి వీపు మీద మోపులు మోసిన నడుము అది. ఒకప్పుడు తోటలో కూలీ చేసి, వెన్ను విరిగి, మళ్లీ నడక నేర్చుకున్న మనిషికి ఆ నడుము గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇది నా ఊహ అని కొట్టిపారేయొచ్చు. కానీ శరీరం దెబ్బతిని లేచిన నటులను నేను దగ్గర్నుంచి చూశాను. వాళ్లు కదలికను వృథా చేయరు. నాకూ ఒకసారి మెట్ల మీంచి పడి మోకాలు దెబ్బతింది. ఆ తర్వాతే వేదిక మీద ఊరికే నిలబడడం ఎంత కష్టమో, ఎంత అందమో తెలిసింది.

ఇంకో సంగతి. నేను ఈ సినిమా మొదటిసారి చూసింది చాలా ఏళ్ల కిందట, ఒక ఫిల్మ్ క్లబ్బు వేసిన షోలో. ప్రింటు పాతది, కింద అక్షరాలు సగం కనబడలేదు. హాల్లో ముప్పై మందిమి కూడా లేము, స్పానిష్ ఎవరికీ రాదు. అయినా ఆ టర్కీ కోడి దృశ్యం వచ్చేసరికి ఎవరూ కుర్చీలో కదల్లేదు. గుహలో వేల కొవ్వొత్తులు వెలిగే చోట, ఒక్కో దీపం ఒక్కో ప్రాణమని అర్థమయ్యాక, నా పక్కనున్న పెద్దాయన “నూకలు చెల్లడమంటే ఇదేరా” అని మెల్లగా అన్నారు. ఆ గుహ సెట్ కాదు, గెర్రేరో రాష్ట్రంలోని కకవామిల్పా గుహలు. మన భాషలో ఆయువును నూకలతో కొలిస్తే వాళ్లు మైనంతో కొలిచారు.

ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన మొదటి మెక్సికన్ సినిమా ఇదే. బహుమతి బెర్గ్‌మన్ తీసిన ‘ది వర్జిన్ స్ప్రింగ్’కు వెళ్లింది. శాన్ ఫ్రాన్సిస్కో చిత్రోత్సవంలో తార్సోకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మకారియో భార్యగా చేసిన పీనా పెయిసేర్‌ని కూడా మరచిపోకండి. అంత తక్కువ మాటలతో అంత చెప్పిన నటి అరుదు. పాపం, 1964లో, ముప్పై ఏళ్లకే చనిపోయింది.

ట్రావెన్ కథలతో గవాల్దోన్ తీసిన మూడు సినిమాల్లోనూ తార్సో ఉన్నారు. రెండోది ‘రోసా బ్లాంకా’. ఒక అమెరికన్ ఆయిల్ కంపెనీ ఎంత ఆశ చూపినా తాతల నాటి భూమి అమ్మనని మొండికేసే రైతుగా వేశారు. 1961లో తీసిన ఆ సినిమాను 1972 దాకా విడుదల కానివ్వలేదు. భూమి పోగొట్టుకున్నవాళ్లను దగ్గర్నుంచి చూసిన మనకు ఆ రైతు మొండితనం వేరే దేశపు సంగతిలా అనిపించదు. మూడోది ‘దియాస్ దె ఒతోన్యో’ (1963). దాంట్లో మళ్లీ పీనా పెయిసేర్. కేకుల దుకాణం యజమానిగా తార్సో పక్కకు తప్పుకుని ఆమెకు చోటిస్తారు. పెద్ద నటుడు ఎదుటివాళ్లు చెప్పేది ఎలా వింటాడో తెలుసుకోవాలంటే అది చూడండి.

అదే 1963లో ‘ఎల్ హోంబ్రె దె పాపెల్’ వచ్చింది. నటన నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది దీని గురించే. చెత్తకాగితాలు ఏరుకుని బతికే మూగవాడికి పదివేల పెసోల నోటు దొరుకుతుంది. ఆ చిరిగిన బట్టల మనిషి చేతిలో అంత పెద్ద నోటు ఉండడమే ఆయనకు ప్రమాదమవుతుంది. ఆఖరికి మాట్లాడే బొమ్మ అనుకుని బొమ్మలాటవాడి దగ్గర బొమ్మను కొనుక్కుంటాడు. మెక్సికో నాటకరంగంలో గొంతుకే పేరుపడ్డ నటుడు సినిమా మొత్తం ఒక్క మాట లేకుండా నడిపారు.

ఆ గొంతు వినాలంటే సినిమాలు పక్కన పెట్టి ఆయన కొరీదోలు వినండి. కొరీదో అంటే కథను పద్యంగా చెప్పే జానపద గేయం. 1910లో మొదలైన మెక్సికో విప్లవం నాటి యుద్ధాలు, వీరులు, ద్రోహాలు, ఉరిశిక్షలు వీటిలో ఉంటాయి. మనకు బుర్రకథ ఎలాగో వాళ్లకు ఇది అలాగ. తార్సో వీటిని పాడరు, వెనక సంగీతం నడుస్తుండగా చెబుతారు. చాలా రికార్డులు వచ్చాయి. ఒక సైనికుడు చావుకు ముందు అనే మాట దగ్గర గొంతు పెంచుతారేమోనని మనం చూస్తుంటాం, ఆయన తగ్గిస్తారు. భాష రాకపోయినా ఆ తగ్గింపు దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

సినిమాల జాబితా చూసి ఆయన్ని సినిమా నటుడు అనుకుంటే పొరపాటు. ఆయన ఇల్లు వేదికే. ఈడిపస్, మాక్‌బెత్, లియర్, సిరానో, అజ్టెక్ చక్రవర్తి మోక్తెసూమా, అన్నీ వేశారు. అప్పట్లో మెక్సికో ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ, అంటే కార్మికులకు ఆసుపత్రులు, పింఛన్లు చూసే సంస్థ, దేశమంతా థియేటర్లు కట్టించింది. ఫ్యాక్టరీ కార్మికుడి కుటుంబం తక్కువ టికెట్‌తో గ్రీకు విషాద నాటకం చూడగలిగేది. ఆ వేదికల మీద తార్సో ప్రధాన నటుడు. మైకు నమ్ముకోకుండా ఆఖరి వరసకు మాట చేరాలి, అదీ మొదటిసారి నాటకానికి వచ్చిన ప్రేక్షకుడికి అర్థమయ్యేలా. ఆ సాధన ఉన్నవాడు కెమెరా ముందుకొచ్చినప్పుడు గొంతు తగ్గించగలడు. పరిషత్తు వేదికల మీద పెరిగిన మాలాంటివాళ్లకు ఇది బాగా తెలుసు.

మధ్య కాలంలో ‘లోస్ అల్బన్యీలెస్’ (1976) ముఖ్యం. విసెంతె లెన్యెరో నవల ఆధారంగా హోర్హె ఫోన్స్ తీశారు. కట్టుబడి జరుగుతున్న భవనంలో రాత్రి కాపలా కాసే ముసలాడి హత్య. తార్సోది ఆ కాపలాదారు వేషం. మంచివాడు కాదు, పూర్తిగా చెడ్డవాడూ కాదు, ఒళ్లంతా వాసన వేస్తున్నట్టుండే మనిషి. 1977లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ సినిమాకు వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది. జాన్ హ్యూస్టన్ ‘అండర్ ది వాల్కనో’ (1984)లో డాక్టర్ విఖీల్ వేశారు. అది కూడా పెద్దల పండుగ రోజు జరిగే కథే, కెమెరా మళ్లీ ఫిగెరోవాదే. మకారియో తర్వాత పాతికేళ్లకు ఇద్దరూ అదే పండుగ దగ్గర కలుసుకున్నారు.

టీవీ సీరియళ్లు చాలా చేశారు. ఇంటింటికీ తెలిసిన ముఖం కావడానికి అవే కారణం. నాకు వాటి మీద పెద్దగా చెప్పాలని లేదు. నటుల సంఘానికి కొంతకాలం నాయకత్వం వహించారు, 1988 నుంచి 1991 దాకా పార్లమెంటు సభ్యుడిగానూ ఉన్నారు. అప్పటి పాలక పక్షం పి.ఆర్.ఐ. తరఫున. ఈ రాజకీయ అధ్యాయాన్ని మెచ్చనివాళ్లు మెక్సికోలోనే ఉన్నారు. నాకైతే ఆ మూడేళ్లలో వేయకుండా పోయిన వేషాల మీదే బాధ.

వృద్ధాప్యం గురించి మాత్రం చెప్పాలి. భార్య క్లారా అరాండా 2000లో పోయారు. ఆ తర్వాత ఆయన పని తగ్గించలేదు, పెంచారు. పికాసోగా వేశారు, పాబ్లో నెరూడాగా వేశారు. కొడుకు హువాన్ ఇగ్నాసియో అరాండా కూడా నటుడే. తండ్రీకొడుకులు కలిసి ఇద్దరే పాత్రలున్న నాటకం ఆడారు. వయసు మళ్లిన నటుడు, ఎదిగొస్తున్న కుర్ర నటుడు, మేకప్ గదిలో, తెర వెనక మాట్లాడుకునే నాటకం అది. ముసలి నటుడు డైలాగు మరచిపోయే చోట ప్రేక్షకులకు గుండె ఆగినంత పని. నటిస్తున్నాడా, నిజంగా మరచిపోయాడా అని టెన్షన్. కరోనాతో థియేటర్లు మూతపడ్డప్పుడు తొంభై ఐదేళ్లు నిండిన మనిషి ఇంటర్నెట్‌లో నాటకాలు ఆడారు. 2007లో మెక్సికో సినిమా పురస్కారమైన గౌరవ స్వర్ణ ఏరియెల్, 2015లో జాతీయ కళా పురస్కారం వచ్చాయి. ఆలస్యంగా ఇచ్చారనే నా అభిప్రాయం.

2023 మార్చి 11న, 98 ఏళ్ల వయసులో చనిపోయారు. జనం చివరి చూపు చూసింది బెల్లాస్ ఆర్టెస్‌లో, 1949లో నటన నేర్పండని ఆయన వెళ్లిన అదే భవనంలో.

ఏం చూడాలని అడిగారు కదా. ముందు మకారియోని మళ్లీ ఒకసారి చూడండి, ఈసారి అడవి దృశ్యం దగ్గర సౌండ్ ఆపేయండి. తర్వాత ‘ఎల్ హోంబ్రె దె పాపెల్’, ఆ వెంటనే ఏదో ఒక కొరీదో రికార్డు. మూగ వేషం చూసిన వేడిలో ఆ గొంతు వినాలి. ‘రోసా బ్లాంకా’ ప్రింట్లు అంత బాగుండవు, అయినా వదలొద్దు. ‘నసరీన్’ను ఒంటరిగా చూడండి. జైలు దృశ్యం దగ్గర మీకేమనిపించిందో ఇక్కడ రాయండి, నేను చదువుతాను.